రెండు రాజీనామాలు, ఒక మోండా మార్కెట్

మూడు వారాల క్రితం నేను ఉద్యోగానికి రాజీనామా చేశాను. ఇప్పుడు కాగితాలూ అవీ ఏం లేవు కదా, పోర్టల్ ఓపెన్ చేసి, కారణాల లిస్టులోంచి ఒకటి ఎంచుకుని 'సబ్మిట్' నొక్కడమే. నొక్కే ముందు రెండు రాత్రులు నిద్రపోలేదు. సరిగ్గా ఎనిమిది నిమిషాల్లో మా మేనేజరు 'యాక్సెప్ట్' నొక్కేశాడు. నాలుగేళ్ళు పనిచేశాను, కనీసం ఫోన్ చేసి "ఎందుకయ్యా?" అని అడుగుతాడేమో అనుకున్నా. ఎనిమిది నిమిషాలు! ఆ టైములో మా ఆఫీసులో కాఫీ మెషిన్ దగ్గర లైను కూడా కదలదు.

ఇంటికొచ్చి ఈ బాధంతా తాత దగ్గర వెళ్ళబోసుకుంటే ఆయన పడీపడీ నవ్వాడు. "ఎనిమిది నిమిషాలకే నీది ఒప్పుకున్నరా? మన ఎమ్మెల్యేది మూడేండ్ల తొమ్మిది నెలలైనా కాకపాయె గదరా!"

మా ఇల్లు రెజిమెంటల్ బజార్ లో. తాత రైల్వేలో గుమాస్తాగా రిటైరయ్యాడు. ఆయనకి ఎన్నికలంటే మన వాళ్ళకి క్రికెట్ స్కోరు లాంటివి, ఏ ఏడు ఎవరు ఏ గుర్తు మీద నిలబడ్డారో నోటికి చెప్తాడు. ఆయన విసిరిన ఆ ఒక్క మాట పట్టుకుని తీగ లాగితే, ఒకే మార్కెట్ నుంచి వచ్చిన ఇద్దరు ఎమ్మెల్యేల ముప్పై ఎనిమిదేళ్ళ కథ కదిలింది. నోటీసు పీరియడ్ లో ఉన్నవాడికి పనేముంటుంది... రాసేస్తున్నా.

ముందు మా పేట గురించి రెండు ముక్కలు. హుస్సేన్ సాగర్ కి ఉత్తరాన ఇంగ్లీషు వాళ్ళ సైన్యం దిగిన చోటుకి 1806లో నిజాం సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరొచ్చింది. సైన్యం ఉన్న చోట దానికి బియ్యం, పప్పు, బట్టలు అమ్మే బజారూ ఉంటుంది. అలాంటి బజారు పేరే మా పేటకి మిగిలిపోయింది. రెజిమెంట్లు పోయాయి, బజారు ఉంది. పక్కనున్న ఉజ్జయిని మహంకాళి గుడి కూడా సైన్యం పుణ్యమే అంటారు. 1813లో కలరా వచ్చినప్పుడు ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య అనే డోలీ మోసే ఆయన మొక్కుకుని, తిరిగొచ్చాక 1815లో ఇక్కడ అమ్మవారి కొయ్య విగ్రహం పెట్టాడని కథ. సికింద్రాబాద్ మునిసిపాలిటీ 1960 దాకా హైదరాబాద్ తో కలవకుండా విడిగానే ఉండేది. ఇప్పటికీ మా తాత చార్మినార్ వైపు వెళ్తుంటే "హైదరాబాద్ పోయొస్తా" అనే అంటాడు.

సరే, అసలు విషయానికొద్దాం.

1986లో హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికలు జరిగాయి. మోండా డివిజన్ లో కాంగ్రెస్ తరఫున తీగుళ్ల పద్మారావు గౌడ్ గెలిచారు. అదే డివిజన్ లో జనతా పార్టీ తరఫున నిలబడి ఓడిపోయింది తలసాని శ్రీనివాస్ యాదవ్. గెలిచింది కాంగ్రెస్, ఓడింది జనతా, గమనించండి. ఇప్పుడు వీళ్ళిద్దరి పేర్లూ చెప్పగానే గుర్తొచ్చే పార్టీ అప్పటికి పుట్టనే లేదు. ఇద్దరూ మార్కెట్ మనుషులే, ఇద్దరికీ ఇక్కడ గల్లీ గల్లీ తెలుసు, పెళ్ళికైనా చావుకైనా ముందు వచ్చేవాళ్ళే. పద్మారావుని ఇప్పటికీ ఎవరూ పూర్తి పేరుతో పిలవరు, అందరికీ 'పజ్జన్న'.

ఆ తర్వాత కార్పొరేషన్ కి మళ్ళీ ఎన్నికలు ఎప్పుడు జరిగాయో తెలుసా? 2002లో. పదహారేళ్ళ తర్వాత! 1986లో పుట్టిన పిల్లాడు ఇంటర్లో చేరే వయసొచ్చేదాకా ఈ మహానగరానికి కార్పొరేటర్ల ఎన్నికే లేదు. దాంతో మార్కెట్ రాజకీయమంతా అసెంబ్లీ సీటు చుట్టూ తిరిగింది. సికింద్రాబాద్ లో 1985లో తెలుగుదేశం తరఫున అల్లాడి రాజ్ కుమార్, 1989లో కాంగ్రెస్ తరఫున మేరీ రవీంద్రనాథ్ గెలిచారు. 1994లో ఎన్టీఆర్ గాలి వీచినప్పుడు కార్పొరేటర్ గా ఓడిన తలసాని ఏకంగా ఎమ్మెల్యే అయ్యారు. 1999లో మళ్ళీ గెలిచారు, చంద్రబాబు మంత్రివర్గంలోనూ పనిచేశారు.

పద్మారావు ఈ లోపు పార్టీ మారారు. 2001లో కేసీఆర్ టీఆర్ఎస్ పెట్టాక అందులో చేరి, 2002 కార్పొరేషన్ ఎన్నికల్లో అదే మోండా నుంచి మళ్ళీ కార్పొరేటర్ అయ్యారు. అప్పట్లో సిటీలో టీఆర్ఎస్ అంటే "జిల్లాల పార్టీ కదా" అనేవాళ్ళు. 2004లో కాంగ్రెస్ తో పొత్తులో టీఆర్ఎస్ 26 అసెంబ్లీ సీట్లు గెలిస్తే, అందులో నగరంలోవి రెండే అనుకోండి: ముషీరాబాద్ లో నాయిని నర్సింహారెడ్డి, సికింద్రాబాద్ లో పద్మారావు. ఇక్కడ ఓడింది తలసాని. పద్దెనిమిదేళ్ళ నాటి మోండా డివిజన్ ఫలితమే పెద్ద మైదానంలో మళ్ళీ వచ్చిందన్నమాట.

ఇక మొదటి రాజీనామా. 2008 మార్చిలో తెలంగాణ కోసం టీఆర్ఎస్ ఎమ్మెల్యేలు 16 మంది రాజీనామా చేశారు. 26 మంది గెలిస్తే 16 ఏమిటంటారా? మిగతా పదిమంది అప్పటికే పార్టీతో తెగతెంపులు చేసుకున్నారు. వాళ్ళు రాజీనామాలు చెయ్యలేదు లెండి. అప్పటి స్పీకర్ సురేశ్ రెడ్డి ఈ పదహారూ ఆమోదించేశారు. దాదాపు మా మేనేజరంత చురుగ్గా. మే 29న పోలింగు.

నాకప్పుడు పదకొండేళ్ళు. ఎండాకాలం సెలవులు. ఆ ఉపఎన్నిక నాకు గుర్తున్నది రాజకీయంగా కాదు, ఆటోల వల్ల. ఒక ఆటో మైకులో 'జై తెలంగాణ' పాట వేసుకుంటూ ఈ చివర నుంచి వస్తే, ఇంకో ఆటో సైకిల్ గుర్తు చెప్పుకుంటూ ఆ చివర నుంచి వచ్చేది. మా గల్లీ ఎంత సన్నగా ఉంటుందంటే రెండు ఆటోలు పక్కపక్కన పట్టవు. ఎవరు వెనక్కి తీసుకోవాలి అని డ్రైవర్లిద్దరూ వాదించుకుంటుంటే, పైన రెండు మైకులూ కలిసి ఏం చెప్తున్నాయో ఎవరికీ అర్థమయ్యేది కాదు. మేము పిల్లలం మాత్రం రెండు ఆటోల్లోంచీ టోపీలు, కండువాలు వసూలు చేసేవాళ్ళం.

జూన్ 1న ఫలితాలు. టీఆర్ఎస్ తను వదులుకున్న 16 సీట్లలో 7 మాత్రమే తిరిగి తెచ్చుకుంది. సికింద్రాబాద్ లో తలసాని గెలిచారు. ముషీరాబాద్ కూడా పోయింది, అక్కడ అంజయ్య గారి భార్య మణెమ్మ కాంగ్రెస్ తరఫున గెలిచారు. అంటే నగరంలో ఉన్న రెండూ పోయాయి. ఒక మాట కోసం పదవి వదిలేసిన మనిషిని, ఆ మాటంటే ఇష్టమున్న జనమే ఓడించారు. మా తాత కూడా అప్పుడు సైకిల్ కే వేశాడు. "తెలంగాణ వద్దనుకున్నావా?" అని ఈ మధ్య అడిగా. "తెలంగాణ వద్దని ఎవడన్నడు? నాలుగేండ్లకే మళ్ళ ఓటేయమంటే కోపం రాదా?" అన్నాడు. వ్యాసాలు రాసే వాళ్ళు 2008 ఫలితం మీద ఏవేవో సిద్ధాంతాలు చెప్పారు గానీ, నాకైతే తాత చెప్పిన దాంట్లోనే సగం నిజం ఉందనిపిస్తుంది.

2009కి వచ్చేసరికి సీను మొత్తం తిరగబడింది. నియోజకవర్గాల పునర్విభజన జరిగి మా మోండా డివిజన్ సికింద్రాబాద్ సీటు నుంచి సనత్ నగర్ లోకి వెళ్ళింది. స్టేషన్ పక్కన ఇల్లు పెట్టుకుని సనత్ నగర్ ఓటరు కావడమేంటో నాకిప్పటికీ వింతే. పైగా ఆ ఎన్నికల్లో తెలుగుదేశం, టీఆర్ఎస్ మహాకూటమి పేరుతో ఒకటయ్యాయి. ఏడాది కింద గల్లీలో ఎదురెదురుగా నిలబడ్డ ఆటోలు ఒకే వైపు తిరిగాయి! మార్కెట్ ఇద్దరినీ పంచేశారు. తలసానికి సికింద్రాబాద్, పద్మారావుకి సనత్ నగర్. ఇద్దరూ ఓడిపోయారు. సికింద్రాబాద్ లో సినిమా నటి జయసుధ, సనత్ నగర్ లో చెన్నారెడ్డి గారబ్బాయి మర్రి శశిధర్ రెడ్డి, ఇద్దరూ కాంగ్రెస్ వాళ్ళే గెలిచారు. ఇద్దరూ విడివిడిగా కొట్టుకున్నప్పుడు ఒకరైనా గెలిచేవారు, కలిస్తే ఎవరూ గెలవలేదు.

2014లో ఇద్దరూ సీట్లు తారుమారు చేసుకున్నట్టు వచ్చారు. పద్మారావు సికింద్రాబాద్ లో టీఆర్ఎస్ తరఫున గెలిచి, జూన్ 2న కేసీఆర్ తొలి మంత్రివర్గంలో ఎక్సైజ్ మంత్రి అయ్యారు. తలసాని సనత్ నగర్ లో, అంటే మా పేటలో, తెలుగుదేశం తరఫున టీఆర్ఎస్ అభ్యర్థిని ఓడించి గెలిచారు. తెలంగాణలో తెలుగుదేశానికి వచ్చిన 15 సీట్లలో మాదొకటి.

ఏడు నెలలకే, 2014 డిసెంబర్ 16న, తలసాని రాజ్ భవన్ లో మంత్రిగా ప్రమాణం చేశారు. టీఆర్ఎస్ ప్రభుత్వంలో. ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశానని, లేఖ స్పీకర్ కి ఇచ్చానని ఆయన చెప్పారు. ఇదే తాత చెప్పిన రెండో రాజీనామా. ఆ లేఖ ఆమోదం కాలేదు. అసలు అది చేరాల్సిన చోటుకి చేరిందా లేదా అన్నదే కొన్నాళ్ళు పెద్ద గొడవ. 2018 సెప్టెంబర్ 6న అసెంబ్లీ రద్దయ్యేదాకా ఆయన సనత్ నగర్ ఎమ్మెల్యేగానూ ఉన్నారు, మంత్రిగానూ ఉన్నారు. ఉపఎన్నిక రాలేదు. మన భాషలో చెప్పాలంటే స్టేటస్: పెండింగ్.

అదే మార్కెట్, అదే కాగితం. 2008లో ఒకటి వెంటనే ఆమోదమైంది, 2014లో ఇంకోటి అలా ఉండిపోయింది. రూల్ మారిందా? లేదు. రాజ్యాంగం 190వ అధికరణ ప్రకారం సభ్యుడు రాజీనామాని స్పీకర్ కి రాసివ్వాలి, స్పీకర్ ఆమోదిస్తేనే సీటు ఖాళీ అవుతుంది. మొదట్లో ఈ ఆమోదం అనే మెలిక లేదట, ఇస్తే అయిపోయినట్టే. 1974లో గుజరాత్ లో విద్యార్థుల ఉద్యమం నడిచినప్పుడు ఎమ్మెల్యేలని చుట్టుముట్టి బలవంతంగా రాజీనామాలు రాయించారు. దాంతో 33వ సవరణ తెచ్చారు: రాజీనామా ఇష్టపూర్వకంగా ఇచ్చిందేనా, నిజమైనదేనా అని స్పీకర్ చూసుకోవాలని. ఉద్దేశం మంచిదే. కానీ ఎన్నాళ్ళలో చూడాలో రాయలేదు. ఒక బగ్ ఫిక్స్ చేస్తూ ఇంకో బగ్ పెట్టడం మనకి కొత్తేం కాదు గానీ, టైమౌట్ లేని ఫంక్షన్ రాసిన వాణ్ణి కోడ్ రివ్యూలో ఎవరూ వదిలిపెట్టరు కదా.

ఆ ఖాళీలో స్పీకర్లు ఏం చేశారో వరసగా చూస్తే తమాషాగా ఉంటుంది. 2008లో కాంగ్రెస్ ప్రభుత్వం, టీఆర్ఎస్ బలం తేలిపోతుందనుకుంది, ఆమోదించారు. లెక్క చాలావరకు నిజమైంది. 2010లో మళ్ళీ ఆమోదించారు, జూలైలో 12 సీట్లకి ఉపఎన్నికలైతే 11 టీఆర్ఎస్, ఒకటి బీజేపీ గెలిచాయి. కాంగ్రెస్ కీ తెలుగుదేశానికీ సున్నా. 2011 జూలైలో తెలంగాణ కోసం వందమందికి పైగా ఎమ్మెల్యేలు రాజీనామాలిస్తే, స్పీకర్ నాదెండ్ల మనోహర్ అవి ఉద్వేగంలో ఇచ్చినవంటూ తిరస్కరించారు. ఉద్వేగం 2010లో మాత్రం లేదా? 2014కి వచ్చేసరికి అధికారంలో ఉన్న వాళ్ళకి ఉపఎన్నికతో పనే లేదు. స్పీకర్ కుర్చీలో ఏ పార్టీ మనిషి ఉన్నా, రాజీనామా ఎంత త్వరగా కదులుతుందనేది ఉపఎన్నిక వస్తే ఎవరికి లాభం అన్న దాన్నిబట్టే ఉంది. ఇది నా అభిప్రాయం, కాదనే వాళ్ళుంటే 2008 నుంచి ఇప్పటిదాకా తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ఇంకో తమాషా. తలసాని మీద అనర్హత వెయ్యాలని పోరాడింది అప్పటి తెలుగుదేశం శాసనసభా పక్ష నాయకుడు ఎర్రబెల్లి దయాకర్ రావు. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది, ఇప్పటికీ ఫిరాయింపుల కేసుల్లో లాయర్లు 'ఎర్రబెల్లి వర్సెస్ తలసాని' అని ఉదహరిస్తారు. 2016 ఫిబ్రవరిలో ఎర్రబెల్లి కూడా టీఆర్ఎస్ లో చేరారు. మార్చిలో తెలుగుదేశం శాసనసభా పక్షం టీఆర్ఎస్ లో విలీనమైనట్టు స్పీకర్ గుర్తించారు. 2019 ఫిబ్రవరి 19న పిటిషనరూ, ప్రతివాదీ ఇద్దరూ ఒకే వేదిక మీద మంత్రులుగా ప్రమాణం చేశారు. కేసు గెలిచిందెవరో మీరే చెప్పండి.

ఈ దఫా పద్మారావుకి మంత్రి పదవి రాలేదు. అంతకుముందు 2018 డిసెంబర్ ఎన్నికల్లో ఇద్దరూ ఒకే పార్టీ నుంచి, పక్కపక్క సీట్ల నుంచి గెలిచారు. తలసాని మళ్ళీ మంత్రి అయ్యారు. వారం తిరక్కుండా, ఫిబ్రవరి 25న, పద్మారావు డిప్యూటీ స్పీకర్ గా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. రాజ్యాంగం ప్రకారం స్పీకర్ తన పదవి వదులుకోవాలంటే ఆ లేఖ రాయాల్సింది డిప్యూటీ స్పీకర్ కే. 2008లో కాగితం ఇచ్చి సీటు పోగొట్టుకున్న మనిషి, కాగితాలు తీసుకునే కుర్చీలో కూర్చున్నారు. ఇది ఎవరూ అప్పట్లో రాసినట్టు లేదు, నాకు మాత్రం భలే నచ్చింది.

నేను మొదటిసారి ఓటేసింది ఆ 2018లోనే. ఆ ముందురోజు తాతకీ నాకూ పెద్ద వాదన. "నువ్వు 2014లో సైకిల్ కి ఓటేశావు. నీ ఓటు కారెక్కింది. మళ్ళీ నిన్ను అడగొద్దా?" అన్నా.

"ఏ పార్టీల ఉంటే ఏంది బేటా. పేరు పెట్టి పిలుస్తడు, ఫోన్ చేస్తే ఎత్తుతడు, బోనాలకు గుడికాడ దొరుకుతడు. నేను మనిషికి ఏసిన, సైకిల్ కు కాదు."

"మరి 2008లో పజ్జన్న కూడా మనిషేగా? ఆయనా పేరు పెట్టి పిలిచేవాడేగా?"

తాత చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆయనకు మేము చేసింది తప్పే అనుకో" అన్నాడు. అంతకు మించి ఆ విషయం ఎత్తలేదు.

నాకు ఇక్కడే తేలడం లేదు. తాత చెప్పినట్టు మనిషికే ఓటేస్తే పార్టీ మారడం పెద్ద నేరమేం కాదు. సనత్ నగర్ ఓటర్లు తలసానిని 2018లోనూ గెలిపించారు, 2023లో రాష్ట్రంలో ప్రభుత్వం మారినా గెలిపించారు. కాబట్టి 2015లోనే ఉపఎన్నిక వచ్చినా ఆయనే గెలిచేవారని వాదించొచ్చు. బహుశా గెలిచేవారేమో కూడా. కానీ గెలుస్తారు కదా అని పరీక్ష రాయకుండా మార్కులు వెయ్యరు కదండీ. 2008లో పద్మారావు ఆ పరీక్ష రాశారు. ఫెయిలయ్యారు. అయినా రాశారు.

2024 మే 13న సికింద్రాబాద్ లోక్ సభకి ఓటెయ్యడానికి నేనూ తాతా కలిసే వెళ్ళాం. మా సనత్ నగర్ కూడా ఆ పార్లమెంటు సీటు కిందకే వస్తుంది. బీఆర్ఎస్ అభ్యర్థి పద్మారావు. 2009 తర్వాత మా పేట మిషన్ మీద ఆయన పేరు కనపడటం అదే. కాంగ్రెస్ అభ్యర్థి దానం నాగేందర్. ఆయనది ఇంకో కథ: 2004లో ఆసిఫ్ నగర్ లో తెలుగుదేశం తరఫున గెలిచి, వెంటనే రాజీనామా చేసి, కాంగ్రెస్ అభ్యర్థిగా ఉపఎన్నికలో నిలబడి ఓడిపోయారు. ఇరవై ఏళ్ళ తర్వాత, 2023లో ఖైరతాబాద్ లో బీఆర్ఎస్ ఎమ్మెల్యేగా గెలిచి, ఆ సీటు వదులుకోకుండానే కాంగ్రెస్ టికెట్ మీద పార్లమెంటుకి నిలబడ్డారు. ఒకే మనిషి, మొదటిసారి రాజీనామా చేసి నష్టపోయారు, రెండోసారి ఆ పొరపాటు చెయ్యలేదు. ఆయనతో సహా పదిమంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేల అనర్హత పిటిషన్లు మూడు నెలల్లో తేల్చమని సుప్రీంకోర్టు 2025 జూలై 31న స్పీకర్ కి చెప్పింది. ఈసారి పిటిషన్లు పెట్టింది ఎవరంటారా? బీఆర్ఎస్సే.

ఆ పార్లమెంటు ఎన్నికలో బీజేపీ కిషన్ రెడ్డి 49 వేల పైచిలుకు ఓట్లతో గెలిచారు. దానం రెండో స్థానం, పద్మారావు మూడో స్థానం. బూత్ నుంచి బయటికొచ్చాక తాత వేలి మీద సిరా చూసుకుంటూ మెల్లగా నడుస్తున్నాడు. ఎవరికేశావని నేనడగలేదు. మోండా మార్కెట్ మూల మీద టీ తాగుతున్నప్పుడు తనే అన్నాడు, "పదహారేండ్ల బాకీ ఉండె. ఇయ్యాల కట్టేసిన."